తాతల నాటి డబుల్ బ్యారెల్: పేరు చూసి మురిసిపోయే ముందు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత మోతుబరి ఇళ్ళల్లో, మునసబు కరణీకాలు చేసిన కుటుంబాల్లో ఇప్పటికీ అక్కడక్కడా ఒక రెండు గొట్టాల తుపాకీ ఉంటుంది. లైసెన్సు పుస్తకంలో దాన్ని డీబీబీఎల్ అని రాస్తారు. అంటే వెనక నుంచి తూటా పెట్టే డబుల్ బ్యారెల్. ఇంట్లో పెద్దాయన పోయాకో, లైసెన్సు రెన్యువల్ దగ్గర పడ్డప్పుడో అది బీరువాలోంచి బయటికొస్తుంది. అందరి కళ్ళూ గొట్టాల మధ్య పట్టీ మీద చెక్కిన పేరు మీద పడతాయి. ఎవరో మేనల్లుడు ఫోన్లో ఆ పేరు కొట్టి చూసి, "లండన్ వేలంలో దీనికి వేల పౌండ్లంట మామా" అంటాడు. ఇక ఇంట్లో లెక్కలు మొదలవుతాయి.

ఆ లెక్కలు దాదాపు ఎప్పుడూ తప్పే. ఎందుకంటే మన దగ్గర పాత తుపాకీకి విలువ తెచ్చేది మొదట కాగితం, తర్వాత గొట్టం. పేరు ఆ రెండింటి తర్వాతే. కానీ చూసేవాళ్ళందరూ పేరుతో మొదలుపెడతారు కాబట్టి ముందు ఆ సంగతే తేల్చేద్దాం.

పట్టీ మీద ఉన్న పేరు చాలాసార్లు చేసినవాడిది కాదు, అమ్మినవాడిది. బ్రిటిష్ కాలంలో బర్మింగ్‌హామ్ కార్ఖానాల్లో తుపాకులు తయారుచేసి, ఆర్డరిచ్చిన షాపు పేరు చెక్కి పంపేవాళ్ళు. కలకత్తాలో మాంటన్, రోడా కంపెనీలు అలా అమ్మాయి. మనవైపు వాళ్ళకి దగ్గర ఊరు మద్రాసు. మౌంట్ రోడ్డులో గడియారాలకి పేరుపడ్డ పి. ఓర్ అండ్ సన్స్ పేరుతో కూడా తుపాకులున్నాయి. గడియారాల కంపెనీ పేరు తుపాకీ మీద ఉందేమిటి, నకిలీయా అని కంగారు పడక్కర్లేదు. అది షాపు పేరు, అంతే.

నకిలీ వ్యవహారం వేరే ఉంది. బెల్జియంలోని లీజ్ నగరం అప్పట్లో ప్రపంచానికంతా చౌక తుపాకులు పంపేది. వాటిలో కొన్నింటి మీద పేరున్న ఇంగ్లీషు కంపెనీని గుర్తుచేసేలా పేర్లు చెక్కేవాళ్ళు. వెస్ట్లీ రిచర్డ్స్ అనేది బర్మింగ్‌హామ్‌లో పెద్ద పేరు. "డబ్ల్యూ. రిచర్డ్స్" అని ఉంటే మాత్రం అనుమానించాల్సిందే. కావలి దగ్గర ఒక ఇంట్లో అలాంటిదే చూశాను. గొట్టాలు విప్పి తిప్పితే అడుగున చదునుగా ఉన్న చోట కోడిగుడ్డు ఆకారంలో గీత, అందులో ఇ.ఎల్.జి. అక్షరాలు. అది లీజ్ ప్రూఫ్ ముద్ర, అంటే గొట్టం బలాన్ని అక్కడ పరీక్షించి కొట్టిన ముద్ర. ఆ గీత పైన చిన్న కిరీటం కూడా ఉంటే 1893 తర్వాత కొట్టిన ముద్ర అని అర్థం. "ఇది బెల్జియందంట మామా" అని కుర్రాడు అనగానే పెద్దాయన, "ఏందిరా, దొర సంతకం పెట్టి ఇచ్చిపొయ్యిన తుపాకి ఇది" అని విసుక్కున్నాడు. దొర ఇచ్చిన మాట నిజమే కావచ్చు. దొర దగ్గర బెల్జియం తుపాకీ ఉండకూడదని ఏం లేదు కదా. ఇంకో మాట. ఆ బెల్జియం తుపాకీ గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి. లోపల గుంటలు పడిన లండన్ తుపాకీ కంటే నేనైతే దాన్నే ఎంచుకుంటాను.

కాగితం

ఆయుధాల చట్టం 1959 నాటిది. 2019 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో ఒక మనిషి పేరు మీద ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గాయి. వారసత్వంగా వచ్చినదైనా ఇదే పరిమితి. మూడోది ఉన్నవాళ్ళు ఏడాదిలోగా పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాల్సి వచ్చింది. గుర్తింపు పొందిన షూటింగ్ క్రీడాకారులకు మినహాయింపులున్నాయి కానీ అది మన సంగతి కాదు. అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకి పెంచింది.

దీని ఫలితం మార్కెట్ మీద పడింది. రెండే ఉంచుకోవాలంటే మనిషి పిస్టలో రివాల్వరో ఉంచుకుని పాత షాట్‌గన్ వదులుకుంటాడు. కొనేవాడికి లైసెన్సుండాలి, అందులో ఖాళీ ఉండాలి. ఉన్న ఒక ఖాళీని వందేళ్ళ తుపాకీకి ఇచ్చేవాళ్ళు ఎంతమంది? అందుకే ఇక్కడి ధరకి లండన్ ధరతో చుట్టరికం లేదు. గోడనిండా వరసగా పెట్టుకునే కలెక్షన్ అనేది వేరే దేశాల ముచ్చట. మన దగ్గర సేకరణ అంటే ఒకటో రెండో, వాటిని సరిగ్గా ఉంచుకోవడం.

తండ్రి పోయాక తుపాకీ ఇంట్లోనే ఉంచుకుని, లైసెన్సు గడువు ఇంకా ఉంది కదా అనుకునేవాళ్ళు చాలామంది. లైసెన్సు మనిషికిచ్చింది, ఇంటికి కాదు. ఆయన పోయాక ఆలస్యం చెయ్యకుండా తుపాకీని దగ్గర్లోని స్టేషన్లోనో డీలరు దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత వారసుల్లో ఒకరు తన పేరున లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవాలి, మిగతా వారసుల అంగీకారం జతచెయ్యాలి. అన్నదమ్ముల మధ్య పొలం తగాదా ఉంటే ఈ ఒక్క సంతకం దగ్గరే తుపాకీ ఏళ్ళ తరబడి స్టేషన్లో ఉండిపోతుంది. 2016 ఆయుధాల నిబంధనలు దీనికి ఒక దారి చూపించాయి. లైసెన్సుదారుకి 70 ఏళ్ళు వచ్చినా, లేదా ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్ళుగా ఉన్నా, బతికుండగానే తన వారసుడి పేరు చెప్పి బదిలీకి వెళ్ళవచ్చు. పెద్దాయన ఓపికగా తిరగగలిగినప్పుడే ఈ పని పూర్తి చేసుకున్నవాళ్ళు సుఖపడ్డారు.

అమ్మాలన్నా ముందు జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గర్లోని స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి.

పాత కాగితాలు వెతికేవాళ్ళకి మన జిల్లాలో ఒక చిక్కుంది. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో, మొదట ఒంగోలు జిల్లా పేరుతో. 1972లో ప్రకాశం అయింది. అంతకుముందు కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు నెల్లూరులో ఉండేవి. ఒంగోలు, అద్దంకి గుంటూరులో. మార్కాపురం, గిద్దలూరు కర్నూలులో. ఒంగోలు కూడా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు కిందే ఉండేది. కాబట్టి తాత లైసెన్సు మీద కర్నూలు కలెక్టరు ముద్ర ఉంటే అది పొరపాటు కాదు, ఊరు ఎక్కడుందో చూడండి. కొత్తగా పుట్టిన జిల్లాలతో ఈ వెతుకులాట ఇంకా పెరిగింది. తుపాకీ నంబరు, లైసెన్సులో రాసిన నంబరు ఒక్కటేనా అన్నది మొట్టమొదట సరిచూసుకోవాలి. అరిగిపోయిన 3ని ఎప్పుడో ఒక గుమస్తా 8 అని రాస్తే ఆ తప్పు రెన్యువల్ మీద రెన్యువల్‌గా మోసుకొస్తూనే ఉంటుంది.

"ఇది వందేళ్ళనాటిది, యాంటిక్, దీనికి లైసెన్సు అక్కర్లేదు" అనే మాట మరీ ప్రమాదకరం. చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది పాత నమూనా, పురాతన విలువ ఉన్నది లేదా పాడైపోయినది అయ్యుండి, మరమ్మతు చేసినా చెయ్యకపోయినా తుపాకీగా పనికిరాని వాటికే. గొట్టాలు విరిచి (అంటే కీలు దగ్గర కిందికి వంచి తెరిచి), తూటా పెట్టి, ట్రిగ్గర్ నొక్కగలిగే ఏ డబుల్ బ్యారెలూ ఆ లెక్కలోకి రాదు, 1880 నాటిదైనా సరే. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే ఇప్పుడు కనీస శిక్ష రెండేళ్ళు. పెళ్ళి ఊరేగింపులో సంబరంగా గాల్లోకి కాల్చినా 2019 సవరణ ప్రకారం అది నేరమే. రెండేళ్ళ దాకా జైలు గానీ, లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. లైసెన్సుంది కదా అన్న మాట అక్కడ చెల్లదు.

గొట్టం

ముందుగా గొట్టాలు విరిచి రెండు ఛాంబర్లూ (గొట్టం వెనక తూటా కూర్చునే చోట్లు) ఖాళీయేనా అని చూడాలి. "అది యాభై ఏళ్ళుగా ఖాళీగానే ఉంది" అని ఇంట్లోవాళ్ళు చెప్పినా చూడాలి. తర్వాత ముందరి చెక్క తీసి గొట్టాలు విడదీసి అడుగు భాగం వెలుతురుకి పెట్టాలి. తుపాకీ చరిత్రంతా అక్కడుంటుంది.

ఇంగ్లండులో గొట్టాలు పరీక్షించే ప్రూఫ్ హౌస్‌లు రెండు, లండన్‌లో ఒకటి, బర్మింగ్‌హామ్‌లో ఒకటి. బర్మింగ్‌హామ్‌ది 1813లో చట్టం ద్వారా ఏర్పడింది. మామూలు కంటే బాగా ఎక్కువ మందు దట్టించి కాల్చి, గొట్టం నిలిస్తేనే ముద్ర వేసేవాళ్ళు. మనకి ముఖ్యమైన ప్రశ్న ఒకటే: ఆ పరీక్ష ఏ మందుతో జరిగింది? పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా వాడింది పొగ కక్కే బ్లాక్ పౌడర్. తర్వాత పొగలేని నైట్రో మందు వచ్చింది, దాని ఒత్తిడి తీరే వేరు. 1896 నుంచి నైట్రో పరీక్షకి విడిగా ముద్రలొచ్చాయి. 1904 నిబంధనల తర్వాత బర్మింగ్‌హామ్ గొట్టాల మీద కిరీటం కింద బి.పి., బి.వి. అని, నైట్రో పరీక్ష కూడా అయితే ఎన్.పి. (నైట్రో ప్రూఫ్) అని ఉంటాయి. 1954 తర్వాతవాటి మీద బి.ఎన్.పి. (బర్మింగ్‌హామ్ నైట్రో ప్రూఫ్) ఉంటుంది. నైట్రో అనే మాట గానీ, ఎన్.పి. గానీ, బి.ఎన్.పి. గానీ కనపడకపోతే ఇవాళ షాపులో దొరికే తూటా అందులో పెట్టకూడదు. ఇందులో బేరాల్లేవు.

ఛాంబర్ పొడవు దగ్గర చాలామంది మోసపోతారు. పాత ఇంగ్లీషు 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) తుపాకుల ఛాంబర్ రెండున్నర అంగుళాలు, అంటే దాదాపు 64 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటాలు ఎక్కువగా 70 మిల్లీమీటర్లవి. అయినా పెడితే హాయిగా పట్టేస్తుంది, గొట్టం మూసుకుంటుంది కూడా. "సరిపోయింది కదా" అనుకుంటారు. డబ్బా మీద రాసిన 70 అనేది పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి తూటా పొట్టిగానే ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకుని ఛాంబర్ దాటి, గొట్టం సన్నబడే చోటికి చొచ్చుకుపోతుంది. సీసపు గుళ్ళు బయటికి వెళ్ళాల్సిన దారి అక్కడే ఇరుకవుతుంది, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఒక్క దెబ్బకే పగలకపోవచ్చు. వాడేకొద్దీ గొట్టాలు విరిచే కీలు దగ్గర పట్టు వదులైపోతుంది. 1925 నిబంధనల నుంచి ఛాంబర్ పొడవు గొట్టం మీదే కొట్టారు. అంతకుముందువాటికి కొలిపించుకోవాల్సిందే. కొలిచే గేజ్ ఉన్న షాపుకే వెళ్ళాలి, స్కేలుతో కుదరదు.

ఇక డమాస్కస్ గొట్టాలు. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి అతికితే ఉపరితలం మీద అలల్లాంటి మెలికలు పడతాయి. ఆ అందానికి మనసు పారేసుకోని వాడుండడు. అవన్నీ పనికిరానివని కొట్టిపారేసే మాట సరికాదు. నైట్రో ప్రూఫ్ అయిన డమాస్కస్ గొట్టాలూ ఉన్నాయి. కానీ అతుకుల మధ్య తేమ చేరి లోపల్లోపల తుప్పు తిన్నదా లేదా అన్నది పైకి కనపడదు. పైగా చౌక తుపాకుల్లో కొన్నింటికి మామూలు ఉక్కు గొట్టం మీదే ఆ నమూనా వేసి అమ్మారు. నా అభిప్రాయం అడిగితే, ముద్ర సరిగ్గా లేని డమాస్కస్‌ని చూసుకుని మురవడానికి ఉంచుకోవాలి తప్ప కాల్చడానికి కాదు. ఉంచుకున్నా లైసెన్సు మాత్రం ఉండాలి.

విడదీసిన గొట్టాలని అడుగున ఉన్న కొక్కెంలో వేలు పెట్టి వేలాడదీసి, వేలి కణుపుతో మెల్లగా తట్టండి. గుడి గంటలా ఖంగుమని మోగి ఆ నాదం కాసేపు నిలిస్తే గొట్టాల మధ్య పట్టీల టంకం గట్టిగా ఉన్నట్టు. బొంగురుగా, పగిలిన కుండలాంటి చప్పుడొస్తే ఎక్కడో టంకం వదిలింది. ఆ సందులోకి వానాకాలం తేమ చేరితే తుప్పు లోపలినుంచి తింటుంది. తర్వాత గొట్టాన్ని కిటికీ చట్రం వైపు పెట్టి వెనక నుంచి చూస్తే చట్రం నీడ లోపలి గోడ మీద గీతలా పడుతుంది. గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ ఆ గీత ఎక్కడ వంగుతుందో చూడండి. అక్కడ నొక్కు ఉంది. నల్లటి చుక్కలు కనిపిస్తే అవి గుంటలు.

గుంటలు ఎందుకొస్తాయి? పాత తూటాల క్యాప్‌లో పొటాషియం క్లోరేటు ఉండేది. అది కాలాక మిగిలేది ఒక రకం ఉప్పు, గాల్లో తేమని పీల్చుకుంటుంది. సముద్రం పక్కన ఊళ్ళో బయట ఉప్పుగాలి, గొట్టం లోపల ఉప్పు. నూనె రాస్తే ఉప్పు కరగదు, దానికి వేడినీళ్ళే మందు. తాతల కాలంలో సలసల కాగే నీళ్ళు గొట్టంలో పోసి కడిగేవాళ్ళు అంటే ఇందుకే.

గుంటల్ని పోగొట్టడానికి లోపల గీకించి నున్నగా చేయించే అలవాటు ఉంది. చూడ్డానికి అద్దంలా మెరుస్తుంది, కొనేవాడు పడిపోతాడు. గీకిన కొద్దీ గోడ పల్చబడుతుంది. గోడ మందం ఎక్కడైనా అర మిల్లీమీటరు కంటే తక్కువైతే దాన్ని పక్కన పెట్టడం మంచిది. 12 బోర్ గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే ఒక్కో గుండు అంత ఉంటుంది, ఆ పన్నెండే ఈ పన్నెండు. ముద్ర పక్కన 12 అనో 13 అనో కొట్టిన వ్యాసానికీ ఇప్పుడు కొలిస్తే వచ్చేదానికీ తేడా ఎక్కువుంటే గీకుడు జరిగిందన్నమాట. మచ్చలున్నా మందంగా ఉన్న గొట్టం మెరిసే పల్చటి గొట్టం కంటే వెయ్యి రెట్లు నయం.

బ్లూయింగ్ (గొట్టాలకి నల్లరంగు పట్టించడం) చేయిస్తామని ఎవరైనా అంటే ముందు పద్ధతి అడగండి. ఈ తుపాకుల పట్టీలు మెత్తటి టంకంతో అతికినవి. కాస్టిక్ ఉప్పుల వేడి తొట్టిలో ముంచితే ఆ టంకాన్ని రసాయనం తినేస్తుంది, పట్టీల కింద ఉప్పు చేరిపోతుంది. రైఫిలుకి పనికొచ్చే పద్ధతి దీనికి చావుదెబ్బ. పాత పద్ధతి వేరు. సన్నటి తుప్పు పట్టించి, తుడిచి, మళ్ళీ పట్టించి, రోజుల తరబడి నల్లరంగు తెస్తారు. అది చేసే చెయ్యి దొరక్కపోతే అరిగిన రంగుని అరిగినట్టే వదిలెయ్యడం మేలు.

లాకులు, చెక్క

లాకు అంటే తూటాని పేల్చే యంత్రాంగం. లాకుల్లో రెండు రకాలు. పక్కల రేకుల మీద యంత్రాంగమంతా బిగించి ఉంటే సైడ్‌లాక్. లోపల పెట్టెలో ఇమిడి ఉంటే బాక్స్‌లాక్. రెండోది 1875లో వెస్ట్లీ రిచర్డ్స్‌లో పనిచేసిన ఆన్సన్, డీలీ పేటెంటు తీసుకున్న పద్ధతి. సైడ్‌లాక్‌కి పేరెక్కువ, నగిషీ చెక్కడానికి చోటెక్కువ. అయినా మంచి మేస్త్రీ దగ్గర్లో లేని ఊళ్ళో బాక్స్‌లాకే మేలు. భాగాలు తక్కువ, తెలియనివాళ్ళు విప్పి పాడుచేసే అవకాశమూ తక్కువ. ఈ స్క్రూల గాళ్ళు చాలా సన్నం. మామూలు స్క్రూడ్రైవర్ పెడితే అంచులు చితికిపోతాయి, ఆ చితికిన గాడిని చూస్తే చాలు ఎవరో కెలికారని కొనేవాడికి తెలిసిపోతుంది.

చాలా పాత తుపాకుల్లో సేఫ్టీ బటన్ ట్రిగ్గర్‌ని మాత్రమే ఆపుతుంది, లోపలి హ్యామర్‌ని ఆపదు. అంటే తూటా ఉన్న తుపాకీ కిందపడితే సేఫ్టీ వేసి ఉన్నా పేలవచ్చు. తూటాతో బీరువాలో పెట్టడమనే మాటే ఉండకూడదు.

మూసిన తుపాకీని ముందరి చెక్క తీసేసి ఊపితే గొట్టాలు కదిలినా, వెనక సందులోంచి వెలుతురు కనిపించినా ఆ కీలు అరిగిందని అర్థం. సుత్తితో కొట్టి ఉబ్బించడం, వెల్డింగ్ చుక్క పెట్టడం లాంటి చిట్కా వైద్యం కొన్నాళ్ళే. మరమ్మతుకి కూడా లైసెన్సున్న షాపుకే ఇవ్వాలి, చట్టం అదే చెప్తుంది.

చెక్క వాల్‌నట్‌ది. దాని మీద ఫర్నిచర్ వార్నిష్ పూయించడం మన ఇళ్ళల్లో మామూలు పాపం. ఉదయగిరి చెక్క చెంచాలు చూసినవాళ్ళకి ఈ ప్రాంతం చేతి పనితనం గురించి వేరే చెప్పక్కర్లేదు. కానీ పట్టు దగ్గరి సన్నటి గళ్ళు తిరిగి చెక్కడం దాని అలవాటున్న చెయ్యి చెయ్యాల్సిన పని. గళ్ళ మీద సాండ్‌పేపర్ ఆడిస్తే మళ్ళీ రావు. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, మరగకాచిన అవిసె నూనె రెండు చుక్కలు అరచేత్తో రుద్ది, వేడి పుట్టేదాకా రాసి ఆరనివ్వాలి. చాలు.

ఏ ఊళ్ళో ఏ జాగ్రత్త

కొత్తపట్నం, మైపాడు వైపు ఇళ్ళల్లో శత్రువు ఉప్పుగాలి, కాబట్టి చూపంతా ఇనుము మీద ఉండాలి. కనిగిరి, పొదిలి వైపు రోహిణి కార్తె ఎండలకి చెక్క ఎండి కుంచించుకుపోతుంది, ఇనుము చెక్క కలిసే చోట సన్నటి బీటలు పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి అదే చెక్క ఉబ్బుతుంది. బీటలు కనపడితే స్క్రూలు బిగించెయ్యడం కాదు, అవిసె నూనె కొంచెం ఎక్కువసార్లు రాయాలి.

కొబ్బరినూనె ఇనుముకి రాయకండి. కొన్నాళ్ళకి జిగురుగా పేరుకుని లాకుని పట్టేస్తుంది. కిరోసిన్ జిడ్డునంతా కడిగేసి ఇనుముని బోసిగా వదిలేస్తుంది. గన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టుమిషను నూనె పలుచగా రాస్తే సరిపోతుంది. ఎక్కువైతే అది చెక్కలోకి దిగి, ఇనుముని కలిసే తల భాగాన్ని మెత్తబరుస్తుంది, అందుకే గొట్టం మూతి కిందికి ఉండేలా నిలబెట్టాలి. తోలు పెట్టె ఎంత అందంగా ఉన్నా అందులో దాచకూడదు. తోలు తేమ పీలుస్తుంది, దానిలోని రసాయనాలు ఇనుముకి పడవు. నూలుగుడ్డ, తాళం ఉన్న బీరువా, రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు పెట్టుకుంటే చాలు. పొట్లాలు నెలకోసారి ఎండకో వేడికో ఆరబెట్టాలి. చుట్టాలొచ్చి చేత్తో పట్టుకుని చూసి వెళ్ళాక ఒకసారి నూనెగుడ్డతో తుడవండి. చెమటలోనూ ఉప్పే.

ఎన్నికలప్పుడు తుపాకీ స్టేషన్లో డిపాజిట్ చెయ్యాల్సి వస్తే అది నెల కావచ్చు, ఎక్కువే కావచ్చు. అక్కడ ఒక మూలన మిగతావాటితో కలిపి పెడతారు, తుడిచేవాళ్ళుండరు. ఇచ్చేముందు గొట్టాల లోపలా బయటా గ్రీజు కాస్త మందంగా పట్టించి, పలుచటి నూలుగుడ్డలో చుట్టి ఇవ్వండి. నంబరు, చెక్క మీద ఉన్న గీతలు, గొట్టాల మూతి ఫోటోలు తీసుకుని, రసీదులో నంబరు సరిగ్గా రాశారో లేదో అక్కడే చదువుకోండి. తెచ్చుకున్న రోజే విప్పి, గ్రీజు తుడిచి, వెలుతురుకి పెట్టి లోపల చూసి, కొత్తగా నూనె రాశాకే బీరువాలో పెట్టండి.